లేచి నిలబడనివాళ్లు

మా ఎంపీ చనిపోయి ఏడాది తిరిగే ముందు ఆయన కొడుకు నాకు ఒక కవరు పంపించాడు. తండ్రి పేరు మీద స్మారక సంచిక వేస్తున్నారట. పార్లమెంటులో ఆయన చేసిన పని గురించి నేను రాయాలట. చాలా ఏళ్లు ఆయన దగ్గర పనిచేశాను కాబట్టి నాకంటే బాగా ఎవరు రాస్తారని మర్యాదగా అడిగాడు. ఉత్తరంతో పాటు గనుల రోజుల్లో మేము అచ్చువేసి ఊరూరా పంచిన చిన్న పుస్తకం ఒకటి పెట్టాడు. అందులో ఒక వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీసి, పక్కన “దీన్ని కొంచెం పెంచి రాయండి అంకుల్” అని రాశాడు.

ఆ వాక్యం ఇది: “మన కొండలను, పొలాలను గనులవారికి సులువుగా అప్పజెప్పే సవరణ సభకు వచ్చినప్పుడు, సొంత పార్టీ మాటను కూడా కాదని, మన ఎంపీగారు లేచి నిలబడి వ్యతిరేకంగా ఓటు వేశారు.”

సవరణ సభకు వచ్చిన మాట నిజం. మిగతాదంతా అబద్ధం. ఆ వాక్యం రాసింది నేను. దాన్ని ఒక పల్లెలో, ఒక చర్చిలో, నోటితో చదివింది కూడా నేనే. దానివల్ల ఒక మనిషి పేరు పాడైంది. ఆ మనిషి ఇప్పుడు లేడు. ఆయన పేరు కోసమే ఇది రాస్తున్నాను. ఎవరి పేర్లూ పెట్టడం లేదు. ఎంపీ ఏ పార్టీయో, ఏ సభో చెప్పడం లేదు, గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. మార్చనివి నేను చేసినవి.

ఎంపీది మెట్ట పొలాల మీద బతికిన తెలుగు రైతు కుటుంబం. జొన్న, వేరుశనగ, ఉల్లి. తండ్రి హయాంలోనే ఒక లారీ కొన్నారు. కొండల్లోని ఇనుపరాయికి చైనాలో గిరాకీ వచ్చాక ఆ లారీ వెనకాల ఇంకా లారీలు వచ్చాయి. బళ్ళారిలో ఆయన ఆఫీసు ట్రాన్స్‌పోర్టు షెడ్డు మీది అంతస్తులో ఉండేది. కింద డ్రైవర్లు టైర్ల మీద కూచుని టీ తాగుతూ ఉంటే, పైన కలెక్టరు ఆఫీసు నుంచి వచ్చినవాళ్లు సోఫాలో కూచుని టీ తాగేవాళ్లు. రెండు చోట్లా ఒకే టీ. అది ఆయన పద్ధతి. అప్పట్లో నాకు అది చాలా గొప్పగా కనిపించింది.

నేను బళ్ళారి కౌల్ బజార్‌లో పుట్టి పెరిగినవాణ్ని. మా తాత కాలం నుంచి మిషను సంఘం మాది. నాన్న మిషను బడిలో టీచరు. వారమంతా పిల్లలకు పాఠాలు, ఆదివారం చుట్టుపక్కల పల్లెల్లో ఆరాధన నడిపించడం. నేనూ బడిలో కొన్నాళ్లు ఇంగ్లీషు చెప్పాను, పర్మనెంటు కాలేదు. ఎంపీకి తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మూడూ రాయగలిగే మనిషి కావాలంటే ఎవరో నన్ను చూపించారు. ఆయన నన్ను కన్నడంలో ‘మేష్ట్రే’ అనే పిలిచేవాడు. పంతులూ అన్నట్టు. అందులో కొంచెం గౌరవం, కొంచెం ఎగతాళి.

“ఏం మేష్ట్రే, ఈ పొద్దు నన్ను ఏమని రాస్తాండావు?” అనేవాడు పొద్దున్నే వచ్చి.

“రైలు ఆపించినారని రాస్తాండా సార్.”

“ఆపించినానా నేను?”

“అర్జీ ఇచ్చినారు గదా సార్.”

“అయితే ఆపించినట్టే. రాసెయ్.”

ఆ రైలు నిజంగానే ఆగింది, మరుసటి ఏడు. ఆయన అర్జీవల్ల ఆగిందో, రైల్వేవాళ్లే అనుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన్ను పూర్తిగా చెడ్డవాడని నేను చెప్పలేను. ఆసుపత్రికి మనిషిని పంపాలంటే తన కారు ఇచ్చేవాడు. సభలో ఆయన తరఫున పెట్టే రాతపూర్వక ప్రశ్నలు నేనే తయారు చేసేవాణ్ని. తుంగభద్ర కాలువ, మిరప ధర, జీన్స్ ఉతికే యూనిట్ల నీళ్లు. ఆ నీలం నీళ్లు మా సందు పక్క మోరీలోనే పారేవి కాబట్టి ఆ ప్రశ్న నేను మనసు పెట్టి రాశాను. జవాబులు వచ్చేవి, ఫైల్లో పెట్టేవాళ్లం. గనుల గురించి మాత్రం ఎప్పుడూ ప్రశ్న వెయ్యలేదు. ఒకసారి నేను రాసి తీసుకెళ్తే ఆయన చదివి, కాగితాన్ని మడిచి నా జేబులోనే పెట్టాడు. ఎందుకని నేను అడగలేదు.

ఇక ఓటు సంగతి. ఎంపీ ఓటు అంటే బటన్ నొక్కడమని, ఎవరు దేనికి నొక్కారో రాసి పెడతారని మామూలుగా జనం అనుకుంటారు. ఢిల్లీకి వెళ్లేదాకా నేనూ అలాగే అనుకున్నాను. ఎవరైనా పట్టుబట్టి అడిగితే గంట మోగించి, తలుపులు మూసి, అప్పుడు ఒక్కొక్కరి ఓటు లెక్కపెడతారు. అలాంటప్పుడు మా ఎంపీ ఎప్పుడూ పార్టీ చెప్పిన వైపే నొక్కాడు, అది రికార్డులో ఉంది. కానీ చాలా బిల్లులకు అంతదూరం పోరు. పీఠం మీదున్నవారు “ఒప్పుకున్నవాళ్లు అవుననండి, ఒప్పుకోనివాళ్లు కాదనండి” అంటారు. రెండు వైపులా కేకలు లేస్తాయి. ఏ కేక పెద్దగా వినిపించిందో ఆ పక్షం గెలిచిందని ఆయనే చెప్పేస్తారు. ఎవరు ఏమన్నారో ఎక్కడా ఉండదు.

ఆ సవరణ వచ్చిన రోజు నేను సందర్శకుల గ్యాలరీలో ఉన్నాను. ఎంపీ ఇప్పించిన పాసు మీద వెళ్లాను. చప్పుడు చేయకూడదు, చేతులు కమ్మీ మీద పెట్టకూడదు. సగం కుర్చీలు ఖాళీ. ఆయన వెనక వరసలో ఉన్నాడు. చేతిలో ఏదో పెళ్లి పత్రిక, దాని మీద బంగారు రంగు అక్షరాలను బొటనవేలి గోటితో గీకుతున్నాడు. అవుననండి అన్నారు. ఆయన పెదవులు కదలలేదు. కాదనండి అన్నారు. అప్పుడూ కదలలేదు. సవరణ నెగ్గింది. ఆయన పత్రికను కవరులో పెట్టుకుని లేచి బయటికి వెళ్లిపోయాడు.

కారులో నేను అడిగాను. “సార్, దీని గురించి ఊర్లో అడుగుతారు. ఏమని రాయాల?”

“నీకు ఎట్ల బాగుంటే అట్ల రాయప్పా. యాడన్నా రాసి పెట్టినారా నేను ఏమన్నానో?”

“లేదు సార్.”

“మడి?”

మరింకేమి అన్నట్టు ఆ ‘మడి’ అన్న తర్వాత ఇద్దరం కిటికీల్లోంచి చూస్తూ వెళ్లాం. వచ్చే ఎన్నికల కోసం పుస్తకం వేయాలన్నప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది. పైన ఉటంకించిన వాక్యం అప్పుడు రాశాను. రాస్తున్నప్పుడు నాకు ఏ బాధా కలగలేదు. వాక్యం బాగా కుదిరిందని కూడా అనుకున్నాను.

చోరనూరు దారిలో కొండ కింద ఒక పల్లె ఉంది. అక్కడ మా సంఘంవాళ్లవి కొన్ని ఇళ్లు. అందరివీ చిన్న కమతాలు, కొండ నుంచి దిగే వంక పక్కన. నాన్న ఆ పల్లెకు చాలా ఏళ్లు ఆరాధనకు వెళ్లాడు, నన్ను సైకిలు వెనకాల కూచోబెట్టుకుని. అక్కడి సంఘ పెద్ద నాన్న ఈడువాడు. పొడుగు మనిషి. చర్చి తాళం ఆయన దగ్గరే ఉండేది, ఊళ్లో తగువులు కూడా ఆయన దగ్గరికే వచ్చేవి. నేను ఆయన్ను మామా అనేవాణ్ని. ఆయన నన్ను, నాకు నెత్తి నెరిశాక కూడా, అయ్యోరి కొడుకు అనేవాడు, లారీలున్న మా ఎంపీని సావుకారు అనేవాడు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది, అది చెప్పకపోతే జరిగింది అర్థం కాదు. పెళ్లి కుదిరితే వరసగా మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటిస్తారు. ఫలానా అబ్బాయికి, ఫలానా అమ్మాయికి వివాహం, అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పాలి అని. ఒక్కరు లేచి నిలబడితే చాలు. ఆ పెళ్లి అక్కడే ఆగుతుంది. నిజమో అబద్ధమో విచారించి తేల్చేదాకా పెళ్లి జరగడానికి లేదు. నా చిన్నప్పుడు ఆ పల్లెలోనే ఇది జరిగింది. గుంతకల్లు నుంచి ఒకామె చంకలో బిడ్డతో వచ్చి వెనక చాప మీద కూచుంది. నాన్న పెళ్లికొడుకు పేరు చదవగానే లేచి నిలబడింది. ఒక్క మాట కూడా అనలేదు. నాన్న పుస్తకం మూసేశాడు. పెళ్లికొడుకు కిటికీ పక్క నుంచి బయటికి వెళ్లిపోయాడు. పెళ్లికూతురు తండ్రి సంఘ పెద్దకు అన్న వరస. “లేచి నిలబడింది, మా బిడ్డ బతికిపోయింది” అని సంఘ పెద్ద ఆ తర్వాత ఎన్నోసార్లు చెప్పేవాడు. సంఘంలో ఓటు కూడా అంతే. చీటీలు ఉండవు. ఒప్పుకున్నవాళ్లు లేచి నిలబడతారు, మిగతావాళ్లు కూచుంటారు. ఎవరు ఎటో అందరికీ కనిపిస్తుంది.

ఆ పల్లె మీది కొండలో గని వస్తోందని, తవ్విన మన్ను పోయడానికి వంక పైభాగం అడిగారని తెలిసింది. ముందుగా జనం అభిప్రాయం వినే సభ ఒకటి తాలూకాలో పెట్టాలి. అక్కడ అభ్యంతరం చెబితే రాసుకోవాలి, దానికి జవాబు చెప్పాలి. పల్లెవాళ్లు ట్రాక్టర్లు మాట్లాడుకున్నారు, ఆడవాళ్లతో సహా అందరూ పోవాలని. గనికి రాయి తోలే కాంట్రాక్టు మా ఎంపీ బావమరిదికి ముందే మాట్లాడి ఉంది. ఈ సంగతి నాకు తెలుసు.

ఎంపీ నన్ను పిలిచాడు. “మేష్ట్రే, ఆ చర్చోళ్లు నీ మాట ఇంటారంట గదా.”

“మా నాయన మాట ఇనేవాళ్లు సార్.”

“నీ మొకంలో మీ నాయన కనపడతాడులేప్పా. ఆ పుస్తకం ఒకతూరి సదివి ఇనిపించి రా. గలాటా వద్దు. సుమ్నే, ఊరికే, ఎండలో పడి ఆడిదాకా యాలపోవాల, పాపం.”

ఆదివారం వెళ్లాను. ఆరాధన అయిపోయాక ప్రకటనల సమయంలో పెద్ద నన్ను ముందుకు పిలిచాడు. నాన్న నిలబడిన బల్ల వెనకే నిలబడి ఆ వాక్యం చదివాను. చాపల మీద కూచున్నవాళ్లు కదలకుండా విన్నారు. చదవడం అయ్యాక పెద్ద అడిగాడు.

“లేచి నిలబడినాడా?”

“ఆ, మామా.”

“నువ్వు కండ్లారా చూసినావా అయ్యోరి కొడకా?”

“గ్యాలరీలో ఉండి చూసినా.”

“అందురి ముందరా?”

“అందురి ముందరే.”

ఆయన తల ఊపి, జనం వైపు తిరిగాడు. “ఇంకేమి మడి. అంత పెద్ద సభలోనే అబ్బెంతరం పడింది. తేలేదాక ఈడ ఎవురు ఏం జేస్తారు? ట్రాక్టర్లు వద్దని చెప్పండి. కలుపు ఉండాది, ఎవురి పని వాళ్లు చూసుకోండి.”

ఆ క్షణంలో ఆయన ఏమనుకుంటున్నాడో నాకు స్పష్టంగా తెలిసింది. ఒకరు లేచారు కాబట్టి పుస్తకం మూసేసి ఉంటారని అనుకుంటున్నాడు. అక్కడి పద్ధతి వేరు మామా, మీరు సభకు పోవాల్సిందే అని ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను చెప్పలేదు. ఆయన అలా పొరబడతాడని ముందే ఊహించలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అదీ నిజం కాదు. ఆ సంఘంలో పుట్టినవాణ్ని. ‘లేచి నిలబడి’ అన్న మాట ఆ పుస్తకంలోకి ఎక్కడినుంచి వచ్చింది? ఏ ఎంపీ గురించైనా ఓటు వేశాడని రాస్తే చాలు. మావాళ్ల చెవికి ఆ మాట ఎలా తగులుతుందో నాకు తెలుసు కాబట్టే అది నా చేతికి వచ్చింది.

సంఘ పెద్ద భార్య ఆ రోజు నాకు జొన్నరొట్టె, ఉల్లికారం పెట్టింది. తిన్నాను.

తాలూకా సభకు ఎంపీ తరఫున నేను వెళ్లాను. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు. వేరే ఊళ్ల నుంచి కొందరు వచ్చి మాట్లాడారు. గని పెట్టేవాళ్లు ఉద్యోగాలు, బడి, బోరుబావి అన్నారు. అధికారి ఆ పల్లె పేరు చెప్పి, అక్కడి నుంచి ఎవరైనా ఉన్నారా అని మైకులో అడిగాడు. కొంచెం ఆగి మళ్లీ అడిగాడు. ఎవరూ లేవలేదు. పక్కనున్న గుమాస్తా రాసుకున్నాడు. నేను మూడో వరసలో కూచుని ఉన్నాను. నా చేతిలో వాళ్లు ఇచ్చిన మజ్జిగ ప్యాకెట్టు ఉంది.

తర్వాత జరిగింది మా జిల్లాలో చాలా ఊళ్లలో జరిగిందే. కొండ చుట్టూ రోడ్డు పడింది. లారీలు తిరిగాయి. చెట్ల ఆకులు, గోడలు, ఆరేసిన బట్టలు, అన్నిటి మీదా ఎర్రటి దుమ్ము కూచుంది. ఎండాకాలం దాకా అది దుమ్మే. వాన పడ్డాక వంక పైన పోసిన మన్ను కిందికి జారింది. సంఘ పెద్ద పొలం వంకకు అందరికంటే దగ్గర. ఉల్లి మడి మీద మోకాటి లోతు బురద పేరుకుంది. ఎండాక ఇటుకలా గట్టిపడింది. బావి నీళ్లు ఎర్రగా మారి, ఎద్దులు మూతి పెట్టి వెనక్కి తీసుకున్నాయి. మిగతావాళ్ల పొలాలు మరుసటి వానలకు పోయాయి.

ఆయన మా పుస్తకం పట్టుకుని తాలూకా ఆఫీసుకు పోయాడు. మీ ఊరివాళ్లు ఒక్కరైనా అభ్యంతరం చెప్పారా అని వాళ్లు అడిగారు. అక్కడి నుంచి బస్సెక్కి తిన్నగా బళ్ళారికి, నా దగ్గరికి వచ్చాడు. ఆఫీసు మెట్లు ఎక్కి ఆయాసపడుతూ కూచున్నాడు. చెప్పులు బయటే విడిచాడు. టీ ఇస్తే పట్టుకున్నాడు గాని తాగలేదు.

“సావుకారు నిలబడినాడు గదప్పా. ఇంగ ఎట్ల జరిగింది ఇది?”

“ఎక్కువమంది అవునన్నారు మామా.”

“అంటే ఒగడు నిలబడితే ఆగదా ఆడ?”

“ఆగదు.”

ఆయన టీ గ్లాసును నేల మీద పెట్టాడు. “ఈ మాట ఆ పొద్దు చెప్పాల్సింది గదా నువ్వు.”

“చెప్పాల్సింది.”

“చదువుకున్నోనివి. నీకు తెలిసే ఉంటాది.”

ఆ తర్వాత ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. పోతూ పోతూ గోడ మీది ఎంపీ ఫోటో ముందు ఆగి, “పాపం, ఆయప్ప ఒగడే ఏం జేస్తాడు” అన్నాడు. అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు. జీతం, ఇల్లు, పిల్లల ఫీజులు గుర్తొచ్చాయని రాస్తే సగం నిజం. ఆయన నన్ను చూసే చూపు మారిపోతుందన్న భయం మిగతా సగం.

దానికి బదులు నేను ఇంకో పని చేశాను. ఆయనకు ఏదైనా మేలు చేయాలనుకుని, కొడుక్కి గని దగ్గర కాటాలో, లారీలు తూచే చోట, ఉద్యోగం ఇప్పించమని ఎంపీని అడిగాను. “అంతేనా?” అని ఆయన అప్పుడే ఫోను చేశాడు. పొలం పోయిన ఇంట్లో జీతం వస్తే మంచిదే కదా అనుకున్నాను. నేను నిజంగానే అలా అనుకున్నాను.

పల్లెవాళ్లు రెండూ కలిపి చూశారు. ట్రాక్టర్లు ఆపించింది పెద్ద. ఊరందరి పొలాలూ పోతే, ఉద్యోగం వచ్చింది ఆయన కొడుక్కి. ఎవరైనా ఏమనుకుంటారు? బోరింగు దగ్గర మొదలై చర్చిలోకి వచ్చింది ఆ మాట. గనివాళ్ల దగ్గర తీసుకుని ఊరిని కూచోబెట్టాడని. కొడుకు ఉద్యోగం మానేస్తానన్నాడట, కానీ మానేస్తే తీసుకున్నది ఒప్పుకున్నట్టే అవుతుందని ఆయన మాన్పించలేదట. మానకపోయినా అలాగే అయింది.

సంఘం మీటింగు పెట్టారు. సంఘ పెద్దగా ఆయన ఉండాలా వద్దా అని. బళ్ళారి నుంచి పాదిరిగారు వెళ్తూ, నువ్వు వాళ్లకు తెలిసినవాడివి రమ్మంటే నేనూ వెళ్లాను. మాట్లాడమని ఆయనకు అవకాశం ఇచ్చారు.

“నేను ఎవురి దగ్గరా ఏమీ తీసుకోలేదు. ఇన్నదే చెప్పినా,” అని కూచున్నాడు.

“ఎవుని దగ్గర ఇన్యావో ఆయప్ప ఈడే ఉండాడు గదా, అడగండి” అని వెనకనుంచి ఎవరో అన్నారు.

పాదిరిగారు నా వైపు చూశారు. “చెప్పింది నేనే” అన్నాను. “పుస్తకంలో ఉన్నదే చదివినా.”

“ఆయప్ప పోవద్దన్యాడా సభకి?” అని ఇంకొకామె నన్ను చూపిస్తూ అడిగింది.

“పోవద్దని నేను అనలేదు.”

అక్షరాలా నిజం అది. ఆ మధ్యాహ్నం నేను ఆడిన మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. పెద్ద నా వైపు చూశాడు. కోపం లేదు. లెక్క కుదరక తికమకపడే మనిషి చూపు.

ఆయన ఉండాలనుకునేవాళ్లు లేచి నిలబడండి అన్నారు పాదిరిగారు. ఆడవాళ్ల వైపు నుంచి ఆయన భార్య ఒక్కతే లేచింది. కొడుకు డ్యూటీలో ఉన్నాడు. నేను బళ్ళారి సంఘంవాణ్ని, ఆ పల్లె సంఘంలో నాకు ఓటు లేదు. అయినా నిలబడవచ్చు, చెప్పవచ్చు. బెంచీ అంచు పట్టుకుని కూచున్నాను. ఆమె అలా నిలబడే ఉంది, పాదిరిగారు చాలమ్మా, కూచో అనేదాకా. చర్చి తాళం తీసి బల్ల మీద పెట్టి పెద్ద బయటికి నడిచాడు.

ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం చర్చికి వచ్చేవాడట. తలుపు పక్కన, గుంతకల్లామె కూచున్న చోటే కూచునేవాడట. పలకరించేవాళ్లు తక్కువ. కొన్నేళ్లకు దగ్గుతో మంచాన పడి పోయాడు. నేను మట్టికి వెళ్లలేదు, ఢిల్లీలో ఉన్నానని చెప్పించాను. బళ్ళారిలోనే ఉన్నాను.

గనుల జోరు ఎలా వచ్చిందో అలాగే పోయింది. కేసులు, తనిఖీలు, ఆగిన లారీలు. కాటాలో కొడుకు ఉద్యోగం పోయింది, ఇప్పుడు బళ్ళారి స్టేషన్ దగ్గర ఆటో నడుపుతున్నాడు. ఎంపీకి టికెట్టు దొరకలేదు. ఆఖరి రోజుల్లో షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూచునేవాడు. ఒకసారి నన్ను చూసి, “మేష్ట్రే, నేను అన్నేండ్లు ఆడ ఏం జేసినానప్పా?” అని అడిగాడు. వేళాకోళమో, నిజంగా అడిగాడో తెలియలేదు. “రైలు ఆపించినారు సార్” అన్నాను. నవ్వాడు.

ఎంపీ కొడుకు పంపిన కవరు వచ్చిన తర్వాతి ఆదివారం ఆ పల్లెకు వెళ్లాను. చర్చికి కొత్త రేకులు వేశారు. నన్ను గుర్తుపట్టినవాళ్లు కొద్దిమందే. ప్రకటనలు అయ్యాక లేచి నిలబడి చెప్పాను. ఎంపీ ఆ రోజు లేవలేదని, నోరు కూడా తెరవలేదని, నేను చూశానని, చూసి కూడా అబద్ధం చెప్పానని. పెద్ద ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదని, ఉద్యోగం నేను ఇప్పించానని. చెప్పడం చాలా త్వరగా అయిపోయింది. ఇన్నేళ్లు మోసినదానికి అంత తక్కువ మాటలు పట్టడం నాకే వింతగా అనిపించింది. కుర్రవాళ్లకు నేను ఎవరి గురించి మాట్లాడుతున్నానో తెలియలేదు. ఒక ముసలాయన మాత్రం తల దించుకుని చాప పోగులు లాగుతూ ఉన్నాడు. అప్పుడు మీటింగులో వెనకనుంచి మాట్లాడింది ఆయనే.

సంఘ పెద్ద భార్య ఆ రోజు చర్చికి రాలేదు. మోకాళ్లు సహకరించక చాలాకాలంగా రావడం లేదట. ఇంటికి వెళ్లాను. గడప లోపల మంచం మీద కూచుని ఉంది. అంతా మళ్లీ చెప్పాను. చివరిదాకా విని అడిగింది.

“నిలబడనే లేదా?”

“లేదత్తా.”

“మీ మామ సచ్చేదాక ఏమనేటోడో తెలుసునా నీకు? అంతమందిలో సావుకారు ఒగడే నిలబడినాడు, నేను ఈడ ఒగడినే అయితినే, ఆయప్పకు ఆడ ఎట్ల ఉండెనో అనేటోడు. రోజూ ప్రార్తన జేసేటోడు ఆ సావుకారు కోసరం. పేరు చెప్పి జేసేటోడు. నేను పక్కన కండ్లు మూసుకోని ఆమెన్ అంటాంటి.”

మోకాళ్లు రెండు చేతులతో సర్దుకుని మళ్లీ అడిగింది.

“ఇప్పుడు చర్చిలో చెప్పి వస్తివి. ఎంతమంది ఇన్యారు?”

“ఉన్నవాళ్లు విన్నారు.”

“ఆ పొద్దు అచ్చేసి ఇల్లిల్లూ పంచినారు గదా మీరు. నా పెట్టెలో గూడా ఉండాది ఆ పుస్తకం. ఇది గూడా అచ్చేయి. నోటి మాట నాకొద్దు.”

రొట్టె పెట్టలేదు. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. నేను లేచాను.

స్మారక సంచికకు నేను రాసి పంపింది వాళ్లు వేసుకోలేదు. ఎంపీ కొడుకు ఫోనులో, “అంకుల్, నాన్న పోయాక ఇదంతా ఎందుకు, ఎవరికి లాభం?” అని మెల్లిగా అడిగాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. సంచికలో ఆ పాత వాక్యమే మళ్లీ వచ్చింది, ఈసారి ఫోటోతో. అందుకే ఇది విడిగా అచ్చు వేయిస్తున్నాను. ఆ పల్లెలో ప్రతి ఇంటికీ నేనే ఇస్తాను. మొదటి ప్రతి ఆమెకు ఇస్తాను. ఆమెకు చదువు రాదు కాబట్టి, వినడానికి ఒప్పుకుంటే, నేనే చదువుతాను.

అందులో ఆమె వినవలసింది ఇంతే. ఆ సవరణ రోజున మా ఎంపీ లేచి నిలబడలేదు. ఆ పల్లె సంఘ పెద్ద గనివాళ్ల దగ్గర గాని, ఎంపీ దగ్గర గాని, ఇంకెవరి దగ్గర గాని ఏమీ తీసుకోలేదు. ఆయన ట్రాక్టర్లు ఆపించింది నేను చెప్పిన మాట నమ్మి.